రచయిత గడి ఖాళీగా ఉంచకండి

బాపట్ల, తెనాలి, రేపల్లె గ్రంథాలయాల్లో పనిచేస్తున్న గ్రంథపాలకులకు



నవంబరు 14 వస్తోంది. గ్రంథాలయ వారోత్సవాలకు మీరు ఈపాటికే సిద్ధపడుతూ ఉంటారు. పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, పాటల పోటీలు, చివరి రోజున బహుమతులు. ఆ వారంలో ఇంకొక్క పని చేయమని అడగటానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. దానికి డబ్బు ఖర్చు లేదు. ఒక పెన్నూ మీ రిజిస్టరూ ఉంటే చాలు. అయితే ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే నా చిన్నతనం కొంత చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

మా ఇంట్లో ఏడు బైండు పుస్తకాలున్నాయి. అవి ఏ ప్రచురణ సంస్థా వేసినవి కావు. మా మేనమామ చేతులతో కుట్టినవి. నెలనెలా వచ్చే చందమామలోంచి రంగుల సీరియల్ పుటలు జాగ్రత్తగా విడదీసి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట అంటించేవాడు. తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం. ఏడోది మాయాసరోవరం. దాని సంగతి తరవాత చెబుతాను. ప్రతి పుస్తకం మొదటి పుటలో గుండ్రని అక్షరాలతో కథ పేరు రాసి, దాని కింద 'రచన' అని రాసి, రెండు చుక్కలు పెట్టి, ఒక గీత గీసి వదిలేసేవాడు. గీత మీద ఏమీ ఉండేది కాదు.

"ఎవరు రాశారు మామయ్యా?" అని అడిగాను ఒకసారి.

"చందమామవాళ్ళు," అన్నాడు.

మామయ్య తప్పేమీ లేదు. పత్రికలో పేరు ఉంటేగా. చిత్రా గారు గీసిన బొమ్మ మూలన ఆయన సంతకం ఉండేది. కథ చివర మాత్రం 'ఇంకా వుంది' అని తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ రెండు మాటలు చూస్తే మళ్ళీ నెల దాకా గడపాలనే దిగులే తప్ప, రాసిన మనిషి ఎవరా అని ఆలోచించే తీరిక మాకు ఉండేది కాదు.

మా ఇంట్లో ఆ కథలు నేను పైకి చదివితే మా నాయనమ్మ వినేది. ఆమెకు చదువు రాదు. సాయంత్రం దీపం పెట్టాక వత్తులు చేసుకుంటూ గోడకు చేరగిలబడి కూర్చునేది. "చదవరా అబ్బాయ్, పోయిన నెల సంగతి ఎత్తబాక, ఇప్పటిది చదువు" అనేది. ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ క్లుప్తంగా ఇచ్చేవారు కదా, అది ఆమెకు అవసరం లేదు. నెల కిందట ఎవడు ఏ గుహ ముందు నిలబడ్డాడో, ఎవడి చేతిలో ఏముందో ఆమెకు గుర్తే. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు అని ఇద్దరు స్నేహితులు. ఒకడి చేయి ముందు కత్తి మీదికి పోతుంది, రెండోవాడు ముందు ఆలోచిస్తాడు. వాళ్ళ గురించి విని "అన్నదమ్ములు ఇట్టా ఉంటే ఇల్లు నిలబడుద్ది" అనేది నాయనమ్మ. ఆ ఇద్దరూ అన్నదమ్ములు కారని నేను సరిదిద్దినా ఒప్పుకునేది కాదు.

ఈ జంటల సంగతి పెద్దయ్యాక నాకు మరింత ఇష్టమైంది. శిథిలాలయంలో అడవిజాతి యువకుడు శిఖిముఖి, అతనికి తోడు విక్రమకేసరి. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. కోటలు, సామంతులు, సేనానులు, మాంత్రికులు ఉండే కథల్లో సాధారణంగా రాకుమారుడు ఒక్కడే వీరుడు. మిగతావాళ్ళంతా అతని గుర్రం వెనక దుమ్ములో నడుస్తారు. ఈ కథల్లో అలా కాదు. ముగ్గురు మాంత్రికుల్లో పింగళుడు వల వేసి చేపలు పట్టుకుని బతికేవాడు. ఆ కథకు మూలం అరేబియన్ నైట్స్‌లో జూదర్ అనే జాలరి దగ్గర ఉంది. ఎక్కడిదైతేనేం, సూర్యలంక వైపు నుంచి మా బడికి వచ్చే పల్లెకారుల పిల్లలకు అది చదివి వినిపించినప్పుడు వాళ్ళ మొహాలు నేను చూశాను. వలవాడు ఒక కథకు వీరుడు కావటం వాళ్ళు అంతకుముందు వినలేదు.

మాంత్రికుల గురించి కూడా ఒక మాట. తోకచుక్కలో ఏకాక్షి, చతుర్నేత్రుడు అని ఇద్దరు మాంత్రికులు ఒక అపూర్వమైన త్రిశూలం కోసం కొట్టుకుంటారు. వాళ్ళ మధ్య చిక్కుకున్నవాడు ఓడలెక్కి బయలుదేరి వచ్చిన సేనాని సమరసేనుడు. చతుర్నేత్రుడికి ఒక గుడ్లగూబ, ఒక నరవానరం సేవకులు. ఇంత బలం ఉన్నా ఆ మాంత్రికులకు తెరిపి లేదు, నిద్ర లేదు. ఎదుటివాడు ఏం చేస్తున్నాడో అన్న భయంతోనే వాళ్ళ కాలమంతా గడిచిపోతుంది. మంత్రం తెలిసినవాడి కంటే స్నేహితుడు ఉన్నవాడే నిబ్బరంగా ఉంటాడని ఎక్కడా ఒక్క వాక్యంలోనైనా చెప్పకుండా, తన పన్నెండు సీరియళ్ళలోనూ ఈ కథల రచయిత చూపించాడు. ఆయన స్వయంగా మంత్రాలనూ భూతాలనూ నమ్మని హేతువాది అని, ఆయనను ఎరిగినవారు చెబుతారు. నాకు అందులో వింత కనిపించలేదు. నమ్మనివాడు కాబట్టే మంత్రశక్తిని అంత నిర్మొహమాటంగా ఓడించగలిగాడేమో.

ఇక ఆ పేరు. దాసరి సుబ్రహ్మణ్యం.

1932లో మన ఉమ్మడి గుంటూరు జిల్లాలోనే పుట్టారు. 1952లో మద్రాసు వెళ్ళి చందమామలో చేరారు. 2006 దాకా, అంటే 54 ఏళ్ళు, అక్కడే పనిచేశారు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి 1978లో మాయాసరోవరం ముగిసేవరకు పన్నెండు సీరియళ్ళు. పైన చెప్పినవి కాక మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాతిరథం, భల్లూక మాంత్రికుడు. ఇవన్నీ తెలుగులో రాసినవే, కాని చందమామ వెలువడిన ఇతర భాషల్లోకీ వెళ్ళేవి. అంబులిమామ చదివిన తమిళ పిల్లవాడికీ, హిందీ చందమామ చదివిన పిల్లకూ సమరసేనుడు తెలుసు. రాసినవాడు ఎవరో ఇక్కడివాళ్ళకూ తెలియదు, అక్కడివాళ్ళకూ తెలియదు. 2010 జనవరి 27న విజయవాడలో ఆయన కన్నుమూశారు. పేపర్లో వచ్చిన ఆ వార్త చదివి నేను ఆయన పేరు తెలుసుకున్నాను. అప్పటికి నాకు 44 ఏళ్ళు. విజయవాడ మా ఊరి నుంచి రైల్లో రెండు గంటల దూరం కూడా లేదు. ముందే తెలిసుంటే వెళ్ళి ఒక్కసారి కాళ్ళకు దణ్ణం పెట్టి వచ్చేవాణ్ణి. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఈ ఉత్తరం మీకే ఎందుకు రాస్తున్నానంటే, చందమామ మద్రాసులో అచ్చయినా దాని వేళ్ళు మీ ఊళ్ళ మధ్యే ఉన్నాయి. 1947 జులైలో నాగిరెడ్డి గారితో కలిసి దాన్ని ప్రారంభించిన చక్రపాణి గారు తెనాలివారు. ఆయన అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. 1952 నుంచి 1980లో పోయేదాకా ప్రతి కథనూ దిద్ది ఆ భాషను నిలబెట్టిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే. పత్రికలో సంపాదకుడిగా కుటుంబరావు గారి పేరు కూడా వేసుకోలేదు. పేరు లేకుండా పనిచేయటం వాళ్ళకు ఒక పద్ధతి. పిల్లలకు కథ ముఖ్యం, రాసినవాడు కాదు అని వాళ్ళు అనుకుని ఉండవచ్చు. ఆ పద్ధతిలో ఒక నిష్ఠ ఉంది, నేను దాన్ని తక్కువ చేయను. ఆ రోజుల్లో చందమామ కార్యాలయంలో కూర్చుని పనిచేసినవాళ్ళకు అది సరిపోయింది. ఇప్పుడు ఆ పత్రిక లేదు. 2007లో చేతులు మారింది, 2013 నాటికి ఆగిపోయింది. కార్యాలయం ఉన్నంతకాలం ఎవరు ఏది రాశారో అక్కడివాళ్ళకు తెలుసు. ఇప్పుడు అడగటానికి గుమ్మం కూడా లేదు. ఇక ఆ పేరు నిలవాల్సింది మీ అరల్లోనే.

చందమామ అభిమానులు తరచూ చెప్పుకునే సంగతి ఒకటుంది. చక్రపాణి గారికి ఈ మాయలూ రాక్షసులూ అంతగా నచ్చేవి కావట. పాతాళదుర్గం అయిపోయాక వాటిని ఆపించి, బంకించంద్రుడి దుర్గేశనందిని వేయించారు. తరవాత నవాబునందిని వచ్చింది. పాఠకులు ఊరుకోలేదు. 1968లో శిథిలాలయంతో మళ్ళీ దాసరి గారి కలమే నడిచింది. ఆయన పేరు తెలియని పిల్లలు ఆయన కోసం పోరాడి గెలిచారన్నమాట. పాతాళభైరవి సినిమా తీసిన సంస్థ కూడా నాగిరెడ్డి, చక్రపాణి గార్లదే. అలాంటి చోట కూడా మాంత్రికుడికి చోటు దక్కటానికి పిల్లలు పట్టుబట్టాల్సి వచ్చింది.

శిథిలాలయం అంటే నాకు భట్టిప్రోలు గుర్తుకొస్తుంది. తెనాలి నుంచి రేపల్లె పోయే బండిలో మా పెద్దమ్మగారి ఊరు వెళ్ళేటప్పుడు మామయ్య ఒకసారి నన్ను అక్కడ దించాడు. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించిన బౌద్ధస్తూపం, ధాతువులు దాచిన రాతి పేటికలు దొరికిన దిబ్బ. దగ్గర్లోనే విక్రమార్కకోట దిబ్బ అని ఇంకొకటి ఉందని చెప్పాడు. పదేళ్ళవాడికి ఇంకేం కావాలి? రాయి మీద బ్రాహ్మీ లిపి నాకు అర్థం కాలేదు కాని, రాతి కింద ఏదో ఉంటుందనీ, దాన్ని ఎవరో కాపలా కాస్తుంటారనీ ఆ వారం పుస్తకంలో చదివి ఉన్నాను. దాసరి గారు చిన్నప్పుడు ఆ దిబ్బ చూశారో లేదో నాకు అనవసరం. ఆయన పుస్తకం పట్టుకుని ఆ దిబ్బ ఎక్కిన పిల్లవాడికి రెండూ ఒకటే అయిపోయాయి. ఇప్పటికీ రేపల్లె బండి భట్టిప్రోలు దగ్గరికి రాగానే నేను కిటికీలోంచి చూస్తాను. నిజాంపట్నం వైపు మడ అడవులు, పాయలు, బురదలో ఒరిగిన పడవలు చూసినా అంతే. 1611లో ఇంగ్లీషువాళ్ళ ఓడ వచ్చి ఆగిన రేవు అది. సమరసేనుడి ఓడలు కూడా అక్కడి నుంచే బయలుదేరాయని చిన్నప్పుడు నా గట్టి నమ్మకం.

ఇప్పుడు ఏడో పుస్తకం.

1977 నవంబరు 19. దివిసీమను ముంచిన ఉప్పెన. మీలో పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు, చిన్నవాళ్ళు మీ ఇళ్ళలో విని ఉంటారు. మాది పెంకుటిల్లు. సాయంత్రానికే గాలి పెంకుల్ని లాగేయటం మొదలుపెట్టింది. రాత్రి ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. నాన్న నన్నూ చెల్లెల్నీ అటక మీదికి ఎక్కించాడు. బైండు పుస్తకాల ట్రంకుపెట్టె అక్కడే ఉండేది కాబట్టి అవి బతికాయి. ఆ ఏడాది సంచికలు మాత్రం ఇంకా కుట్టలేదు. కింద గూట్లో ఉన్నాయి. తెల్లారి దిగేసరికి మాయాసరోవరం పుటలు బురదలో ముద్దగా కనిపించాయి. ఊళ్ళో జరిగినదాని ముందు అది ఏమంత నష్టం? దివిసీమ వైపు నుంచి వస్తున్న మాటలు వింటుంటే కాగితాల గురించి ఏడవటానికి నాకే సిగ్గేసింది. అయినా నాయనమ్మ ఆ ముద్దను పారేయనివ్వలేదు. నీరెండలో చాప పరిచి, ఒక్కొక్క కాగితం పసుపుకొమ్ము అంచుతో విడదీసి ఆరబెట్టింది. సగం చిరిగాయి. సగం మిగిలాయి. బొమ్మల్లో రంగులు పక్క పుట మీదికి దిగాయి. నెల తిరిగాక కొత్త సంచిక వచ్చినప్పుడు, పైకప్పు మీద ఇంకా తాటాకు కప్పే ఉంది, "రాజుగారి పిల్లలు దొరికారా?" అని నాయనమ్మ మొదటిసారి తనే అడిగింది. జయశీలుడు, సిద్ధసాధకుడు వెతుకుతున్నది వాళ్ళనే. ఇంకా దొరకలేదని చెప్పాను. "దొరుకుతార్లే, చదువు" అంది. ఆ ఊళ్ళో ఆ నెలలో పిల్లల్ని వెతుక్కుంటున్నవాళ్ళు నిజంగానే ఉన్నారు. ఆ మాట అప్పుడు ఎందుకు అడిగిందో నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు.

ఆ ముద్దలోంచి మిగిలిన పుటలకు తరవాతి సంచికల పుటలు కలిపి మామయ్య ఏడో పుస్తకం కుట్టాడు. ఆ మరుసటి ఏడే చిత్రా గారు పోయారు, సీరియలూ ముగిసింది. దాసరి గారి కొత్త సీరియల్ మళ్ళీ చందమామలో రాలేదు. పాతవే తిరిగి వేస్తూ వచ్చారు.

మొన్న సంక్రాంతికి మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చింది. పదకొండేళ్ళది. చేతిలో ఇటుకంత ఇంగ్లీషు నవల, మొదట్లో దేశాల పటం, వెనక రాజవంశాల పట్టిక, మధ్యలో రెక్కల సర్పాలు. ఏకబిగిన చదువుతోంది. నాకు సంతోషమే అయింది. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి భాగం 1954లో వచ్చిందని తనే చెప్పింది. తోకచుక్క మొదలైందీ ఆ సంవత్సరమే. ఒకరు ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడు, ఒకరు మద్రాసులో 22 ఏళ్ళ ఉద్యోగి. ఒకరి గురించి ఒకరికి తెలిసే అవకాశం లేదు. ఇద్దరూ కొత్తగా కట్టిన పాతకాలపు రాజ్యాలు ఒకే ఏడాది పాఠకుల ముందుకు వచ్చాయి. ఆ సంగతి దానికి చెప్పి, "తాతయ్యా, మనకూ ఇలాంటివి ఉన్నాయా?" అని అది అడిగేలోపే రాకాసిలోయ తెచ్చి దాని ఒళ్ళో పెట్టాను. తెలుగు కూడబలుక్కుని చదివే పిల్ల. మొదటి రెండు భాగాలు నేను చదివి వినిపించాను, మూడోది నా చేతిలోంచి లాక్కుంది.

కాని అది కథలోకి దిగేముందే మొదటి పుట తిప్పి చూసింది. 'రచన' పక్కన గీత మీద వేలు పెట్టి, "ఇక్కడ పేరేది?" అంది. మా తరంలో ఎవరమూ అలా అడిగి వదలకుండా పట్టుకోలేదు. 2010లో ఆ వార్త చదివిన రోజున నేను తోకచుక్క మీద మాత్రమే పేరు రాయగలిగాను. మామయ్య గీసిన గీత మీద నా చేతిరాత పెట్టటానికి మనసు రాక మిగతా ఆరింటినీ వదిలేశాను. ఆ ఆరింటి మీదా మనవరాలు రాసింది. దాని తెలుగు అక్షరాలు ఇంకా కుదురుకోలేదు. 'హ్మ' ఒత్తు దగ్గర రెండు చోట్ల కొట్టేసి మళ్ళీ రాసింది.

ఇప్పుడు మిమ్మల్ని అడగదలచుకున్న పని. మీ గ్రంథాలయాల్లో పాత చందమామ సంపుటాలు ఉండి ఉంటాయి. ఈ సీరియళ్ళు పుస్తకాలుగా కుట్టినవో, అచ్చయినవో కొన్ని ఉండి ఉంటాయి. ఈ వారోత్సవాల్లో వాటిని ఒకసారి బయటికి తీయండి. రిజిస్టరులో రచయిత గడిలో 'చందమామ' అనో, అడ్డగీతో ఉంటే, దాని పక్కన దాసరి సుబ్రహ్మణ్యం అని రాయండి. బొమ్మల గడి ఉంటే చిత్రా అని రాయండి. సంపాదకత్వం దగ్గర కొడవటిగంటి కుటుంబరావు అని రాయండి. కేటలాగ్ కార్డు ఉంటే దాని మీద కూడా. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఖాళీగా వదిలిన గడి ఎప్పటికీ ఖాళీగానే ఉండిపోతుంది. ఆ పేరు పెట్టి వెతికిన పిల్లకు ఏమీ దొరకదు. అందుకే ఇప్పుడే అంటున్నాను.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మీకు రావాలని, అది సకాలంలో చేరటం ఎంత కష్టమో నాకు తెలుసు. కొత్త పుస్తకాలు కొనమని నేను అడగటం లేదు. ఉన్నవాటికి యజమాని పేరు పెట్టమని మాత్రమే. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం వాళ్ళు 1918 నుంచి పాత పత్రికల్ని కంటికి రెప్పలా కాస్తున్నారు. 1929లో గాంధీగారు ఆ భవనానికి పునాదిరాయి వేశారని మనం గర్వంగా చెప్పుకుంటాం. అలాంటి గడ్డ మీద ఇది అడగటం అత్యాశ కాదనుకుంటాను. ఇంకొంచెం చొరవ ఉంటే, వారంలో ఒక సాయంత్రం ఒక భాగం పిల్లలకు పైకి చదివించండి. మైకు వద్దు. ఒక గది, ఒక చాప చాలు. 'ఇంకా వుంది' అన్నచోట ఆపేయండి. మర్నాడు వాళ్ళే వస్తారు.

నవంబరు 14 పొద్దున బాపట్ల గ్రంథాలయం తలుపులు తీసే వేళకు నేను వస్తాను. ఏడు పుస్తకాలూ తెస్తాను, అవి ఇక మీవి. తోకచుక్క అట్ట కొంచెం వదులుగా ఉంది, మేకు కొట్టకండి, జిగురు పెట్టండి. మాయాసరోవరంలో మధ్య పుటలు గోధుమరంగులో, గట్టిగా, పెళుసుగా ఉంటాయి. వాటిని విడదీయాల్సి వస్తే వేళ్ళతో లాగకుండా పసుపుకొమ్ము వాడండి. అట్ట లోపల ఒకటి పెట్టి ఉంచాను.

ఇట్లు
దాసరి సుబ్రహ్మణ్యం గారి పాఠకుడు,
బాపట్ల